మొగ అవతలి నీళ్ళు

బెంజ్ సర్కిల్, విజయవాడ
జూన్ 18, మంగళవారం

బావ సొలొమోనుకు వెంకటసుబ్బారావు రాయునది.

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. తప్పులు కూడా పోతాయి. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి, ఏమీ అనుకోకు. నీకు చదివిపెట్టే జీవరత్నం అమ్మాయిని కూడా మన్నించమను. ఫోనులో నాకు ఒక్క ముక్కా వినపడదు. అందుకే ఖాళీ డ్రమ్ములతో పాటు ఈ కాగితం వ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

మా రంగుచేపల షాపులో పెద్ద తొట్టికి జబ్బు తగిలింది. శనివారం పొద్దున మేత వేస్తుంటే చూశాను. నీలం చేప రాతికేసి ఒళ్ళు రుద్దుకుంటోంది. రెక్కల మీద ఉప్పు కణాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. సాయంత్రానికి పసుపు చేపకీ, జోకరు చేపల జంటకీ కనపడ్డాయి. దీన్ని తెల్లమచ్చ అంటారు. చర్మం కింద దూరి తినే పురుగు అది. మన చెరువుల్లో చేప పేను పడితే ఉప్పు చల్లేవాళ్ళం, గుర్తుందా. ఇది ఉప్పునీళ్ళలోనే పుట్టే పురుగు. ఉప్పుకి చావదు.

తొట్టిలో పన్నెండు చేపలున్నాయి. వాటిలో రెండు కొత్తవి. మీ అల్లుడు ఆమోసు మద్రాసు నుంచి తెచ్చినవి. కొత్త చేపను నలభై రోజులు వేరే తొట్టిలో ఉంచి, జబ్బు లేదని తేలాకే పెద్ద తొట్టిలో వదలాలి, ఇక్కడ అది కట్టుబాటు. ఆమోసు గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటూ నలభై రోజులూ ఉంచాడు. జూన్ ఎనిమిదిన వదిలాడు. వదిలిన వారానికి జబ్బు. షాపు యజమాని హర్షవర్ధన్ గారు నిన్న అందరి ముందూ ఒకటే మాట అన్నారు. "ఈ జబ్బు ఎవడి చేత్తో వచ్చిందో వాడు ఇక్కడ ఉండడు."

ఆమోసు రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. భవానీపురంలో గది చూసుకున్నాడు గదా, ఆషాఢం పోయాక అమ్మాయిని తీసుకొస్తానని. ఈ పని పోతే అది కూడా పోతుంది.

తొట్టికి నువ్వు పంపే సముద్రం నీళ్ళు బాగానే ఉన్నాయి. ఉప్పు కొలిచే గాజు గొట్టం సరైన గీత దగ్గరే తేలుతోంది. ఒక సంగతి అడుగుతాను. ఈ నెల మొదటి మంగళవారం వచ్చిన డ్రమ్ము అడుగున రెండు మూడు ఉప్పురాళ్ళు కరగకుండా కనిపించాయి. ఆ డ్రమ్ము అంతకు ముందు దేనికైనా వాడారా?

వెంకటసుబ్బారావు


నాగాయలంక
జూన్ 25

వెంకటసుబ్బారావు బావకు ప్రభువు పేరిట వందనాలు చెప్పి సొలొమోను రాయించునది.

నువ్వు ఉత్తరం రాస్తావా, టెలిగ్రాం కొడతావా? చెరువుల మీద పదహారేళ్ళు ఒకే పాకలో పడుకున్నాం, నీ నోట్లోంచి ఒక్క పూట పది మాటలు వినలేదు. చివరికి కాగితం మీద కూడా పిసినారితనమేనా?

ఇక్కడ అందరం కులాసా. వానలు ఇంకా దిగలేదు. గాలి మాత్రం పడమటి నుంచి కొట్టి పారేస్తోంది.

నీళ్ళ సంగతి నువ్వు అడగక్కర్లేదు. ఏడేళ్ళ నుంచి పంపుతున్నాను. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి, ఏటి నీళ్ళ రంగు పూర్తిగా పోయి, నీలం తేలినచోట ముంచిన నీళ్ళు. ఈ తీరంలో అలాంటి నీళ్ళు ఇంకొకడు పంపితే నా పేరు మార్చుకుంటాను. డ్రమ్ములో ఉప్పురాళ్ళంటావా, ఎండుచేపలకని ఇంట్లో ఆ డ్రమ్ములో ఉప్పు పోశారు. జీవరత్నం సరిగా కడగలేదు.

మావయ్యా, ఇది జీవరత్నం సొంతంగా రాస్తున్న మాట. నేను డ్రమ్ములు మూడుసార్లు కడిగాను. ఉప్పు ఎవరూ పోయలేదు. నాన్న రాయమన్నాడు కాబట్టి పైన రాశాను. "ఏంటే అంతసేపు రాస్తున్నావు" అంటున్నాడు, వందనాలు రాస్తున్నానని చెప్పాను. నాన్నకు రెండో కన్ను కూడా మసకేసింది. ఆపరేషనుకు రమ్మంటే గాలి తగ్గాక అంటాడు. మావయ్యా, మా ఆయన తప్పేమన్నా ఉందా? ఫోనులో అడిగితే "నలభై పూర్తయ్యాయే, నీ మీద ఒట్టు" అంటాడు. మరి జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? మీరు అక్కడే ఉంటారు గదా. మీరొక మాట చెబితే హర్షవర్ధన్ గారు వింటారు.

మళ్ళీ నాన్న మాట. బావా, ఆమోసును కనిపెట్టి ఉండు. ఆ పనిలో పెట్టించింది నువ్వే. నీళ్ళ గురించి బెంగ పెట్టుకోకు.

సొలొమోను


బెంజ్ సర్కిల్, విజయవాడ
జూలై 9

బావకు,

మూడు వారాలుగా రాయలేదు. వైద్యంతోనే సరిపోయింది.

పెద్ద తొట్టిలో మందు వెయ్యకూడదు. అందులో పగడాలూ, చిన్న రొయ్యలూ ఉన్నాయి. మందు రాగిది. మన మైలుతుత్తం జాతే. అది చేపకు మందు, పగడానికి విషం. అందుకని చేపలన్నిటినీ పట్టి, ఇసకా రాళ్ళూ లేని ఖాళీ తొట్టిలో వేశాం. చెరువులో మైలుతుత్తం చేత్తో చల్లేవాళ్ళం. ఇక్కడ చుక్కలు లెక్క. పొద్దునా సాయంత్రం గాజు గొట్టంలో కాస్త నీళ్ళు తీసి, పరీక్ష మందు చుక్క వేసి, రంగు వచ్చేదాకా చూసి, కాగితం మీది రంగుతో పోల్చాలి. తక్కువైతే పురుగు చావదు. ఎక్కువైతే చేప చస్తుంది. నా కంటికి ఆ రెండు రంగులూ ఒకటిగానే కనపడేవి. ఆమోసు చూసి చెప్పేవాడు.

నాలుగో రోజున చుక్కలు మొత్తం పోయాయి. నేను సంబరపడ్డాను. హర్షవర్ధన్ గారికి చెబితే ఆయన నవ్వలేదు. "పోలేదు పెద్దాయనా, రాలి అడుక్కి పోయాయి. అక్కడ గుడ్లు కట్టి, ఒక్కోటీ వందల పిల్లల్ని పెట్టి మళ్ళీ వస్తాయి" అన్నారు. అలాగే వచ్చాయి. తొమ్మిదో రోజుకు నీలం చేప ఒళ్ళు పిండి జల్లినట్టు అయింది. మొప్పల్లోకి పోతే ఊపిరి ఆడదు. నీళ్ళ పైకి వచ్చి నోరు తెరిచి నిలబడేది. మంచినీళ్ళలో మూడు నిమిషాలు ముంచి తీశాం. ఉప్పునీటి పురుగు మంచినీళ్ళలో పగులుతుంది. అప్పటికే ఆలస్యమైంది. నా అరచేతిలోనే పోయింది.

ఇప్పటికి తొమ్మిది పోయాయి. మూడు మిగిలాయి. పెద్ద తొట్టి రెండున్నర నెలలు చేప లేకుండా ఉంచాలట. ఒంటి మీద బతకడానికి చేప దొరక్క పురుగు చావాలి.

శుక్రవారం హర్షవర్ధన్ గారు ఆమోసును పిలిచి గోడ మీది గీతలు లెక్కపెట్టమన్నారు. వాడు లెక్కపెట్టాడు. నలభై వచ్చాయి. "ఒకే రోజు రెండు గీతలు గీయలేదని గ్యారంటీ ఏంటి?" అన్నారు. ఆమోసు మళ్ళీ మొదటి గీత మీద వేలు పెట్టాడు. "లేదండీ" అని గట్టిగా అనాల్సింది. "ఏమో అండీ" అన్నాడు. బావా, ఆ ఒక్క మాటతో అయిపోయింది. "ఏమో ఏంటిరా? తొమ్మిది ప్రాణాలు పోతే ఏమో అంటావా?" అన్నారాయన. లెక్క చూసి పంపించేశారు.

నేను అక్కడే ఉన్నాను. వల కడుగుతూ ఉన్నాను.

వాడు సంచి సర్దుకుంటుంటే నేను బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి లేడు. అమ్మాయి దగ్గరికే వచ్చి ఉంటాడు. మంచిగా చూసుకోండి. ఇంకో సంగతి ఉంది. కలిసినప్పుడు చెబుతాను.

వెంకటసుబ్బారావు


నాగాయలంక
జూలై 16

మావయ్యగారికి జీవరత్నం వందనాలు.

ఈసారి నాన్న ఏమీ చెప్పడం లేదు. "ఏం రాయమంటావు?" అని నాలుగుసార్లు అడిగాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "కులాసా అని రాసెయ్" అన్నాడు. కులాసా ఎక్కడుంది మావయ్యా?

ఆయన పని పోయిన శుక్రవారమే పొద్దుపోయాక వచ్చాడు. నేను పలకరించకుండానే గిన్నెలు సర్దుకుంటూ కూర్చున్నాను. తర్వాత నోరు ఊరుకోలేదు. చర్చిలో అందరికీ చెప్పుకున్నాను గదా, భవానీపురం వెళ్ళిపోతున్నామని. స్టెల్లా అక్క నాకు కొత్త దుప్పటి కూడా ఇచ్చింది. ఆ కోపంలో అన్నాను. "పన్నెండు చేపల్ని కాయలేనోడివి, నన్నేం కాస్తావు?" అని.

ఎదురు తిరిగి ఒక్క మాటన్నా అంటాడనుకున్నాను. ఎప్పుడూ అనేవాడే. "అవునే, నేను లెక్క తప్పుంటాను" అన్నాడు. "నీ మీద ఒట్టేశావుగా?" అంటే, "అప్పుడు తప్పలేదనుకున్నాను. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకున్నా నడుమ ఒక ఆదివారం కనపడట్లేదు" అన్నాడు. నాకు భయం వేసింది మావయ్యా. మనిషి మనిషిలా లేడు.

అప్పుడు నాన్న లేచి కూర్చున్నాడు. ఏదో అనబోయాడు. దగ్గు వచ్చింది. మంచినీళ్ళిచ్చాను. తాగి మళ్ళీ పడుకున్నాడు.

ఆదివారం ఆరాధనకు నేను వెళ్ళి వచ్చేసరికి ఆయన లేడు. కైకలూరు వైపు చెరువుల మీద కాపలాకు పోతున్నానని పక్కింట్లో చెప్పాడట. ఫోను కట్టేసి ఉంది. నాకు చెప్పి పోలేదు.

మీరు అక్కడ ఉండి కూడా ఒక్క మాట చెప్పలేదని రాశారు. నేనేమీ అనను. మీరు అంతే గదా.

జీవరత్నం


నాగాయలంక
తారీకు తెలీదు

బావా

ఇది నేనే రాస్తున్నా. క్యాలెండరు కాయితం వెనక, ఎండలో కూచుని, కన్ను కాయితానికి ఆనించి. అక్షరాలు కుప్పబడితే విడదీసుకో. జీవరత్నం నీళ్ళకు పోయింది. వచ్చేలోగా అయిపోవాలి. ఈ ముక్క దాని చేత రాయించలేను.

నేను మొగ దాటి పోవట్లేదు. సంక్రాంతి దాటిన కాణ్ణుంచి పోలేదు. మొగ దగ్గర అల ఎటు విరుగుద్దో నాకు కనపడట్లేదు. రెండుసార్లు పడవ ఇసక మేటకు ఎక్కించా. రెండోసారి బోర్లా పడి, తెడ్డు పట్టుకుని ఒడ్డు చేరా. ఎవరికీ చెప్పలేదు. చెబితే పడవ అమ్మేయమంటారు. సముద్రం మీదికి పోనోణ్ణి మా వాడలో ఏమని పిలుస్తారో నీకు తెలీదు.

లోపలి కాలవలో ముంచి పంపుతున్నా. పండుగొప్ప చేపల్ని పెంచే పంజరాలు కట్టారే, దాని దిగువన. ఆ నీళ్ళు సప్పన. నీ గాజు గొట్టం పట్టేస్తదని కల్లుప్పు కలిపా. నువ్వు చూసిన రాళ్ళు అవే. పాపం పిల్ల మీద తోశా.

మొన్న పంజరాల కుర్రాళ్ళని అడిగా. ఎండాకాలంలో పండుగొప్పలకు తెల్లమచ్చ వచ్చి సగం చచ్చి తేలాయంట.

బావా, నేను కావాలని చెయ్యలేదు. నా ధైర్యం ఒకటే. మీరు నా నీళ్ళు నెల రోజులు మూతబెట్టి చీకట్లో ఉంచుతారు గదా. చేప లేని నీళ్ళలో పురుగు బతకదని నువ్వే చెప్పావు. ఏదన్నా ఉన్నా ఆ నెలలో చస్తదనుకున్నా. మరి ఎట్టా బతికింది? నెల ఉంచినా చావని పురుగా అది?

నాకు దగ్గు వచ్చిన రాత్రి ఆమోసు నా ముందే కూచున్నాడు. చెప్పలేకపోయా. ఈ కాయితం ఎవరికీ చూపకు. జవాబు రాస్తే అది చదువుద్ది. రాయకు.

సొలొమోను


బెంజ్ సర్కిల్, విజయవాడ
ఆగస్టు 13

బావకు,

నీ కాగితం అందింది. రాయొద్దన్నావు. మూడు వారాలు రాయలేదు. ఈ రోజు రాస్తున్నాను.

అమ్మా జీవరత్నం, ఇది చదివేది నువ్వని తెలిసే రాస్తున్నాను. నడుమ ఆపకుండా పైకి చదువు. నాన్న వినాలి.

ముందు నా సంగతి. జూన్ నాలుగున మంగళవారం పెద్ద తొట్టి గొట్టం అతుకు విడిచింది. మూడో వంతు నీళ్ళు నేల మీదికి పోయాయి. ఆమోసు మద్రాసు నుంచి వచ్చిన సరుకు దింపడానికి స్టేషనుకు వెళ్ళాడు. నెల నిండిన నీళ్ళు షాపులో ఒక్క డ్రమ్ము కూడా లేవు. ఉండాల్సినవి. ముందు నెలలో నేను డ్రమ్ముల మీద తారీకులు రాయకుండా వాడేశాను. చేపలు పక్కకు పడిపోతున్నాయి. అప్పుడే వ్యాను దింపిన డ్రమ్ము ఉంది. మూత తీసి పోసేశాను. సొలొమోను నీళ్ళు, మొగ అవతలి నీళ్ళు, వీటికి నెల రోజుల కాపలా ఎందుకు అనుకున్నాను. నేల తుడిచి, అతుకు కట్టి, ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత ఆమోసు తన రెండు చేపల్ని అందులో వదిలాడు. ఆ రెండూ శుభ్రమైన చేపలు. వాటికి జబ్బు ఇక్కడే తగిలింది.

బావా, నువ్వు అడిగావు, నెల ఉంచినా చావని పురుగా అని. నెల కాదు. గంట కూడా ఉంచలేదు. నువ్వు నా మూతను నమ్మావు. నేను నీ మొగను నమ్మాను. నీకు ఇంతకన్నా జవాబు లేదు.

గోడ మీది గీతలు లెక్కపెట్టించిన రోజు నాకు ఇదంతా తెలుసు. నోరు రాలేదు. ఎందుకు రాలేదో రాయమంటే రాయలేను. చిన్నప్పటి నుంచి నలుగురిలో లేచి మాట్లాడడం నాకు చేతకాదు. అది కారణం కాదు. ఈ వయసులో షాపువాళ్ళిచ్చిన ఈ గది వదిలి ఎక్కడికి పోవాలో అనిపించింది. అదీ అసలు కారణం.

జూలై ఆఖరున హర్షవర్ధన్ గారి దగ్గరికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. ఆ రోజు వచ్చిన నీళ్ళు ఆ రోజే పోశానని. ఆయన నవ్వారు.

"పెద్దాయనా, ఏడేళ్ళ నుంచి సొలొమోను నీళ్ళు పోస్తున్నాం. అవి మొగ అవతలి నీళ్ళు. నెల ఉంచడం మన జాగ్రత్త కోసం. ఒక్కరోజు పోసినంత మాత్రాన ఏమవుద్ది?"

"జబ్బు దాంతోనే వచ్చిందండి."

"ఆమోసు మీద జాలి ఉంటే ఉండండి. నా దగ్గర అబద్ధం చెప్పకండి. మీకది రాదు."

నీ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. తీసి చూపలేదు. చూపకు అన్నావు.

పోయిన బుధవారం కైకలూరు వెళ్ళాను. రెండు రోజులు గట్ల మీద తిరిగితే ఆమోసు దొరికాడు. పెద్ద చెరువులో పడవ మీద నిలబడి కర్రలకు మేత సంచులు కడుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. కాళ్ళకు పుండ్లు పడ్డాయి. పగలూ రాత్రీ నీళ్ళలోనే ఉంటున్నాడట. తోటివాళ్ళు చెప్పారు, ఎవరితోనూ మాట్లాడడనీ, పాక గోడ మీద రోజూ గీతలు గీసి, చెరిపి, మళ్ళీ లెక్కపెడతాడనీ.

గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను.

"నువ్వు కాదురా. నేను. కొత్త నీళ్ళు నేనే పోశాను."

"ఊరుకో బాబాయ్. ఇంత దూరం వచ్చి ఇదా చెప్పేది?"

"నిజంరా."

"ఆ నీళ్ళు మా మావయ్య పంపినవి. కళ్ళు కనపడకపోయినా మొగ దాటి పోయి ముంచి తెచ్చే మనిషి. దాంట్లో పురుగెక్కడిది? నువ్వు పోసినా, నెల ఉంచినా ఒకటే. నేనే తప్పాను. ఆ ఆదివారం నాకు దొరకట్లేదు బాబాయ్."

"దొరికే ఆదివారం లేదురా. నువ్వు తప్పలేదు."

"నా మొహం చూసి చెప్తున్నావు. నువ్వు మంచోడివి."

ఆ మాట అని లేచి పడవ ఎక్కాడు. నేను పిలిచాను. వెనక్కి చూడలేదు. అక్కడ చెరువు చాలా లోతు. వాడు నిలబడిన తీరు నాకు నచ్చలేదు బావా. ఇంతకన్నా రాయను.

నా సగం నేను చెప్పాను. సగం చెబితే ఎవరూ నమ్మడం లేదు. మిగతా సగం నీ దగ్గర ఉంది. నీ కాగితం నేను యజమానికి చూపను, ఆమోసుకు చూపను. అది నీ నోటితో చెప్పాల్సింది. వాడు లోకంలో నమ్మేది ఇంకా నిన్ను ఒక్కణ్ణే.

జీవరత్నం, ఇప్పుడు కాగితం కింద పెట్టి నాన్న దగ్గర కూర్చో. ఆయన చెప్పేది విను. మధ్యలో ఏమీ అనకు. తర్వాత ఏమనాలో నీ ఇష్టం. నన్ను అనాల్సింది కూడా దాచుకో, వచ్చినప్పుడు పడతాను.

విన్నాక ఇద్దరూ కైకలూరు బయల్దేరండి. నాన్నకు కన్ను కనపడదు, చెయ్యి వదలకు. బస్టాండు దగ్గర దిగి పెద్ద చెరువుల ఐసు ఫ్యాక్టరీ ఎక్కడని అడిగితే చెబుతారు. దాని వెనక రెండో గట్టు. నేను శుక్రవారం పొద్దున్నుంచి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంటాను.

ఈ వారం నీళ్ళు పంపొద్దు బావా. పోయిన వారం వచ్చిన డ్రమ్ములు నేలలో పారబోశాను. హర్షవర్ధన్ గారికి ఇంకా చెప్పలేదు. నువ్వు ఆమోసుకు చెప్పిన రోజు మనిద్దరం కలిసి ఆయన దగ్గరికి వెళదాం. ఉంచుతారో పొమ్మంటారో తర్వాత సంగతి.

వ్యాను రేపు సాయంత్రం మీ దగ్గర్నుంచి తిరిగి వస్తుంది. వస్తున్నారో లేదో ఆ డ్రైవరు చేతికే రెండు ముక్కలు రాసి ఇవ్వండి. "వస్తున్నాం" అని ఒక్క మాటైనా చాలు. ఆలస్యం చెయ్యకండి, రేపే జవాబు రాయండి.

వెంకటసుబ్బారావు